యముడికి నోరు తిరగని పేరు

పోయిన నెల మా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. మెహిదీపట్నం దిక్కు దవాఖానల, మంచం మీద దిండ్లకు ఒరిగి కూసొని, ఒళ్ళ పసిగుడ్డును సదురుకుంట, అమ్మా, దీనికి నీ పేరే పెడుతున్న, ఎవ్వరేమన్నా ఇననని మా బిడ్డ అన్నప్పుడు, నేను ఫ్లాస్కు మూత బిగించుకుంట బయటికొచ్చి వరండల ఇనుప కుర్చీల కూలబడ్డ. ఏ తల్లికైనా సంతోషమయ్యే మాటే. నాకు మాత్రం కాలేదు.

ఎందుకంటే మా బిడ్డ ఆ పేరు నా మీది ప్రేమతోటి అడుగుతలేదు, భయంతోటి అడుగుతున్నది. రెండేండ్ల కింద మొదటి కాన్పుల పుట్టిన ఆడపిల్ల, తొట్టెల కూడ వేయకముందే, దవాఖానలనే పోయింది. ఇప్పుడు ఈ పిల్లన్న దక్కాలంటే నా పేరే పెట్టాలని దాని పట్టుదల. నా పేరు ప్రాణం కాపాడే పేరని మా ఇంట్ల అందరూ చిన్నప్పటి నుంచి దానికి చెప్పుకుంట వచ్చిన్రు. ఆ పేరు సంగతి ఒకటి నాకు తెలుసు, బతికున్నోళ్ళల్ల ఇంకెవ్వరికీ తెలువదు. అది చెప్పాల్నా, కడుపులనే దాచుకోవాల్నా అన్న రంధి, పేరు పెట్టే తొట్టెల దినం దగ్గరపడ్డ కొద్దీ నన్ను పీక్కతిన్నది.

నా పేరు యార్మిల. మీరు కూడ ఏందీ, మళ్ళొకసారి చెప్పు అనే అంటరు, నాకు తెలుసు. అరవై ఏండ్ల సంది అదే మాట వింటున్న. బస్సు పాసు కాడ, బ్యాంకుల, పెండ్లి చూపులల్ల, రేషను దుకాణంల, ఆఖరికి మొన్న రక్తపరీక్షకు పోయిన కాడ గుడ అదే. చిన్నప్పుడు ఓపికగ చెప్పేదాన్ని, వయసుల ఉన్నప్పుడు కసురుకునేదాన్ని, ఇప్పుడైతే వాళ్ళకు ఏది తోస్తే అది రాసుకోనిస్తున్న. ఊర్మిళ అన్నోళ్ళున్నరు, షర్మిల అన్నోళ్ళున్నరు, ఎర్రమ్మ అని పిలిచిన ఆయమ్మ కూడ ఒకామె ఉన్నది. ఇగ ఉర్దూ మాట్లాడేటోళ్ళ సంగతి మీకు చెప్పాల్నా, యార్ మిలా అంటే దోస్తు దొరికిండని కద అర్థం, మొయినాబాద్ సడక్ మీద ఏ దుకాణంల పేరు చెప్పినా, ఎవరు దొరికిండమ్మా, మాకు గుడ చూపియ్యి అని నవ్వేటోళ్ళు. నవ్వినోళ్ళ మీద నాకు కోపం లేదు, నవ్వొచ్చే పేరే అది. కాని జీవితమంత ఒకటే ముచ్చట మీద నవ్వుతుంటే భరించడం కూడ ఒక పనే.

ఆ పేరు మాకెట్ల వచ్చిందో చెప్తా. మాది మొయినాబాద్ దగ్గర ఎంకపల్లి. మా బాపుకు సడక్ పక్కన కొంత చెలక, బాయి కింద కొంత తరి ఉండేది, చెలకల చామంతులు, టమాటలు పెట్టేటోడు. ఆ రోజులల్ల పట్నం ఆ పక్కన కొత్తగ పెద్ద కార్ఖాన ఒకటి కట్టిన్రు, అందుల మిషన్లు పెట్టిచ్చేటందుకు చెకోస్లోవేకియా అనే దేశం నుంచి ఇంజనీర్లు పెండ్లాలతోటి వచ్చి ఉండేటోళ్ళు. వాళ్ళల్ల ఒక దొర, దొరసాని ఆదివారం వచ్చిందంటే గండిపేట చెరువు చూసుకుంట చిల్కూరు దాక వచ్చి, మా చెలక కాడ కారు ఆపి టమాటలో పువ్వులో కొనుక్కొని పోయేటోళ్ళు. మాటలు లేవు, సైగలే. టమాటను మా నాయినమ్మ వాళ్ళకు కొరికి చూపిచ్చేదట, పుల్లగ లేదు తినమని.

నన్ను కన్న మా అవ్వకు నాకంటె ముందు ఇద్దరు పిల్లలు పుట్టి, పుట్టిన వారం పది దినాలల్లనే పోయిన్రు. మూడో కాన్పు నేను. నొప్పులు మొదలై ఒక పొద్దు, ఒక రాత్రి గడిచినా నేను బయటికి రాకపోతే మంత్రసాని చేతులెత్తేసిందట. బండి కట్టిచ్చేటందుకు బాపు ఉరుకుతుంటే సడక్ మీద ఆ దొర కారు కనబడ్డది, ఆ దినం ఆదివారం కావడమే నా అదృష్టం. బాపు సడక్ నడుమ నిలబడి రెండు చేతులు జోడిచ్చిండు. దొరసాని కారు దిగి ఇంట్లకొచ్చి, మా అవ్వను చూసి, ఇంకెవ్వరినీ అడగకుండ వెనుక సీట్ల పండబెట్టిచ్చి, తల తన ఒళ్ళ పెట్టుకున్నదట. నాయినమ్మ ముందు సీట్ల, దొర పక్కన కూసొని పట్నం దాక అన్ని దేవుండ్లకు మొక్కుకుంట పోయింది. కారు ఎక్కడం ఆమెకు అదే మొదలు, అదే ఆఖరు.

నేను పుట్టినంక దొరసాని నన్ను ఎత్తుకొని కిందికి దించలేదట. దవాఖాన ఆయమ్మ అడిగినా ఇయ్యలేదు. అప్పుడు మా నాయినమ్మ దగ్గరికి పోయి, వేలు చూపిచ్చి, నీ పేరేందమ్మా అని అడిగింది. దొరసాని జర సేపు ఆగి యార్మిలా అన్నది. పక్కన ఉన్న ఆయమ్మ నవ్వి, అమ్మా, ఈమెకు దోస్తు దొరికిందట అన్నది, ఆమెకు అది ఉర్దూ లెక్కనే వినపడ్డది మరి. కాదు అది పేరే అని నాయినమ్మ పోట్లాడి, దొరసానితోటి మళ్ళ చెప్పిచ్చింది. రెండోసారి చెప్పెటప్పటికి దొరసాని కండ్లల్ల నీళ్ళు తిరిగినయట. మన పిల్ల బతికిందని ఆమెకు ఎంత సంతోషమో చూడమని నాయినమ్మ అందరికీ చెప్పేది.

మన దిక్కు పిల్లలు పుట్టి పోతున్న ఇంట్ల ఏం చేస్తరో నా ఈడోళ్ళకు చెప్పేది లేదు. పిల్లను పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటమ్మ అనో పెంటయ్య అనో పిలుస్తరు, చాటల గింజలు పోసి కొన్నట్టు చేసి కొనమ్మ అంటరు, ఎవ్వరికీ అక్కరలేని పిల్ల అనుకొని యముడు ముంగటికి పోతడని. నాకూ పెంటమ్మే ఖాయం చేసి పెట్టిండ్రు. నాయినమ్మనే మార్చింది. ఊర్ల ఇప్పటికే ముగ్గురు పెంటమ్మలున్నరు, ఆ పేరు యముడికి ఎప్పుడో తెలిసిపోయి ఉంటది, ఈ దొరసాని పేరైతే వానికి నోరే తిరగదు, పిలువనే రాకపోతే ఎట్ల తీస్కపోతడు, ఇదీ ఆమె లెక్క. బాపు నవ్విండు గని కాదనలేదు. అట్ల నా తొట్టెల నాడు ఊరోళ్ళంత వరుసగ వచ్చి నా చెవుల ఆ పేరు తప్పులు తడకలుగ ఊది పోయిన్రు.

నేను బతికిన. నా తర్వాత ఒక తమ్ముడు, ఒక చెల్లె కూడ బతికిన్రు. దీంతోటి నాయినమ్మ నమ్మకం కొండంతయింది. పేరు గొప్పతనం ఆమె చెప్పని ఇల్లు లేదు, చెప్పని బస్సు లేదు. జొన్నచేన్ల కలుపు తీసుకుంట కూడ యార్మిలా, ఓ యార్మిలా అని పని ఉన్నా లేకున్నా పిలిచేది, యముడు వినాల్నని, విని అది ఎవరి పేరో తెలువక తల గోక్కోవాల్నని.

దొరసాని మాత్రం నేను పుట్టినంక ఏడెనిమిదేండ్లు దాదాపు ప్రతి ఆదివారం వచ్చింది. దొర చెరువు కట్ట మీద తిరగపోతె, ఆమె మా వాకిట్ల నులకమంచం మీద కూసునేది. ఏం మాట్లాడేది కాదు. చిక్కుడుకాయలు పెడితే ఈనెలు తీసేది, మా చెల్లె పుట్టినంక దాన్ని ఎత్తుకునేది గని ఎక్కువసేపు కాదు, నన్నే దగ్గర కూసోబెట్టుకునేది. ఆమెను మేమెవ్వరం పేరు పెట్టి పిలిచింది లేదు. పెద్ద మనిషి, పైగ ప్రాణం నిలిపిన మనిషి, పేరు పెట్టి పిలిస్తే నోరు పడిపోదూ. దొరసానమ్మా అనేటోళ్ళం, అంతే. ఆ ఒక్క మర్యాద వల్లనే మాకు ఏండ్ల తరబడి అసలు సంగతి తెలువకుండ పోయింది.

వాళ్ళ దొర పని అయిపోయి తిరిగి వాళ్ళ దేశం పోతున్నరని తెలిసిన ఆదివారం మా ఇంట్ల పండుగ లెక్క చేసిన్రు. నాయినమ్మ, అవ్వ వంటింట్ల రొట్టెలు, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తున్నరు, కట్టిచ్చి పంపాల్నని. అప్పటికి మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, పట్నంల చదువుకుంటుండె, ఆయనకు ఇంగ్లీషు వచ్చు. దొరసాని కూడ కొంచెం ఇంగ్లీషు, కొంచెం ఉర్దూ నేర్చింది. మొదటిసారి ఆమె మాటను మాట లెక్క విన్నది ఆ దినమే. నన్ను ఒళ్ళ కూసోబెట్టుకున్నది, అప్పటికే నా కాళ్ళు నేలకు తగులుతున్నయి.

ఆ పేరుకు వాళ్ళ భాషల ఏం అర్థమో ముందు చెప్పింది. మొదటి సగం వాళ్ళ దిక్కు మంచు కరిగి చెట్లు చిగురు పట్టే కాలమట, రెండో సగం ప్రేమైనది అనట. వాళ్ళ క్యాలెండర్ల తిథులుండవు, దినానికొక పేరుంటదట, ఆ దినం వస్తే ఆ పేరున్నోళ్ళ ఇంటికి పువ్వులు తీస్కపోతరట. ఈ పేరు దినం ఫిబ్రవరి మొదట్ల వస్తదట, వాళ్ళ ఊర్ల ఇంక మంచు పేరుకొనే ఉంటదట అప్పుడు. వాళ్ళ అమ్మమ్మది కూడ ఇదే పేరట. చిన్నాయన ఇదంత హుషారుగ బాపుకు చెప్పుకుంట వచ్చిండు. తర్వాత దొరసాని ఇంకేందో చెప్పింది, చిన్నాయన గొంతు నెమ్మదించింది. ఇంకొక మాట చెప్పింది, ఆయన చెప్పుడే ఆపేసిండు. ఏమంటున్నదిరా అని బాపు గదమాయిస్తే, తల వంచుకొని చెప్పిండు.

అది ఆమె పేరు కాదట. ఆమె పేరు వ్లాస్త అట. యార్మిల ఆమె బిడ్డ. ఇండియాకు రాకముందు పుట్టి, ఎనిమిది నెలలు పెరిగి, చలికాలంల ఊపిరాడక పోయిందట. దవాఖానల నాయినమ్మ వేలు చూపిచ్చి అడిగినప్పుడు, ఈ పిల్లకు ఏం పేరు పెడదామని అడుగుతున్నదని అనుకున్నదట, నోట్లకు ఆ ఒక్క పేరే వచ్చిందట. ఆ దినం సంది ఇక్కడికొస్తే పొద్దంత ఎవరో ఒకరు ఆ పేరు పిలుస్తనే ఉంటరు, ఒక పిల్ల ఓ అని పలుకుతనే ఉంటది, నేను టమాటల కోసం రాలేదు అన్నదట.

వంటింట్ల నుంచి నాయినమ్మ కేకేసింది, ఏమంటున్నదిరా దొరసానమ్మ అని. బాపు గొంతు సవరిచ్చుకొని, మన పిల్ల సల్లగుండాల్నంటున్నదవ్వా అన్నడు.

కారు పోయినంక బాపు నన్నూ చిన్నాయననూ బాయి కాడికి తీస్కపోయి, ఈ మాట మీ నాయినమ్మ చెవుల పడొద్దు, మీ అవ్వ చెవుల అసలే పడొద్దు, ఆమె మళ్ళ నిద్రపోదు అని చెప్పిండు. చిన్నాయన సరేనన్నడు. నన్ను ఎవ్వరూ ఏం అడుగలేదు, చిన్నపిల్ల, దానికేం సమజయితదని. నాకు మొత్తం సమజయింది. నాయినమ్మ చెప్పే కథ విని విని పెరిగినదాన్ని, యముడు ఎట్ల లెక్కవెడుతడో ఊర్ల నాకు తెలిసినంత ఇంకెవ్వరికీ తెలువదు. ఆయనకు ఈ పేరు నోరు తిరుగుతది. ఒకసారి పిలిచిండు, తీస్కపోయిండు.

అప్పటి సంది నాకు జర ఒళ్ళు వెచ్చబడితే చాలు, అయిపోయింది, వచ్చిండు అనుకునేదాన్ని. తట్టు పోసినప్పుడు, నన్ను వేరే పేరుతోటి పిలువమని అవ్వను బతిమాలుకున్న, జ్వరంల పలవరిస్తున్ననుకున్నది. నాయినమ్మ చేన్ల నడుమ నిలబడి యార్మిలా అని గొంతెత్తితే, జర మెల్లగ పిలువే అని ఆమె నోరు మూసేదాన్ని, సిగ్గుపడుతున్న అనుకొని ఇంక గట్టిగ పిలిచేది. ముసలిదాని మీద ఎంత కోపమొచ్చేదో, అంత జాలేసేది కూడ. నన్ను కాపాడుతున్న అనుకొని నా జాడ తనే చెప్తున్నది కద అని.

మొయినాబాద్ల పెద్ద బడికి పోయిన ఏడు నాకొక దారి దొరికింది. మా పంతులుగారు నా పేరు విని మొఖం చిట్లించి, యార్మిల అనే పేరు లోకంల లేదు, ఊళ్ళో వాళ్ళకు పలకరాక పాడుచేసిన్రు, ఊర్మిళ అయి ఉంటుంది అని దిద్ది రాసుకున్నరు. నాకు ఎంత హాయిగ ఉండెనో చెప్పలేను. హాజరు పిలిస్తే అందరికంటే గట్టిగ పలికేదాన్ని. ఇంట్ల యార్మిల, బడిల ఊర్మిళ, ఇగ ఎవరిని తీస్కపోవాల్నో ఆయననే తేల్చుకోనీ అనుకున్న. ఆ కొన్ని నెలలు నేను కడుపు నిండ తిని, కంటి నిండ పండుకున్న.

ఒకనాడు నా జతపిల్ల ఒకతె ఇంటికొచ్చి ఊర్మిళా అని పిలిచింది, నాయినమ్మ విన్నది. తెల్లారే నా రెక్క పట్టుకొని బడికొచ్చింది. పంతులుగారి ముంగట నిలబడి, ఏమయ్యా, నా పిల్ల పేరు మార్చేటందుకు నువ్వెవరివి, ఊర్మిళ అంటె అందరి నోళ్ళల్ల నలిగిన పేరాయె, వాడు రానే వస్తడు, పిలువనే పిలుస్తడు, అప్పుడు నువ్వు అడ్డం నిలబడుతవా అని నిలదీసింది. వాడెవడో పంతులుగారికి సమజు కాలేదు. ఎవరమ్మా వచ్చేది అని ఆయన, నీకెందుకు వాని పేరు, నువ్వు ముందు దీని పేరు సక్కగ రాయి అని ఈమె. క్లాసు క్లాసంత నవ్వింది. ఆఖరికి ఆయన తల పట్టుకొని, సరే తల్లీ అని మళ్ళ యార్మిల చేసిండు. వాపసొచ్చెటప్పుడు తొవ్వంత నేను ఏడుస్తనే ఉన్న. అందరిముంగట పరువు తీసిననని ఏడుస్తున్నవా, బతికుంటె పరువు అదే వస్తది బిడ్డా అని కొంగుతోటి నా మొఖం తుడిచింది నాయినమ్మ. చెప్తే ఆమె గుండె పగులుతది. చెప్పకుంటె నాది పగులుతున్నది. చెప్పలేదు.

ఆమె పోయేదాక చెప్పలేదు. తన పేరు గెలిచిందన్న ధీమాతోటే పోయింది. పోయేముందు గుడ నా చెయ్యి పట్టుకొని, చూసినవా, వానికి నోరు తిరగలే అన్నది. తర్వాత చిన్నాయన, బాపు, అవ్వ ఒక్కొక్కరే పోయిన్రు. నా భయం ఎప్పుడు పోయిందని అడిగితే నాకే తెలువదు, పోయిందో లేక భయపడీ భయపడీ విసుగొచ్చిందో. చేవెళ్ళకు కోడలుగ వచ్చినంక ఆ పేరుతోటి పని కూడ తగ్గింది. మా అత్తకు అది నోటికి రాక ఎంకపల్లి పిల్లా అనే పిలిచేది, మా ఇంటాయన ఇప్పటికీ ఇగో అనే అంటడు, ముప్పై ఐదేండ్ల కాపురంల నా పేరు ఆయన నోట ఒక్కసారి కూడ వినలేదు, రేషను దుకాణంల అడిగితే తప్ప.

అంగన్‌వాడీ టీచరుగ పని దొరికినంక వేరేవాళ్ళ పేర్లే నా బతుకయింది. చేవెళ్ళ చుట్టుముట్టు ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి, ఎంతమంది పిల్లలు, ఏం పేర్లు అని అడిగి రాసుకునేదాన్ని. నేను పనిల చేరినప్పుడు పెంటమ్మలు, బుచ్చమ్మలు, బాలమణులు ఇంక తల్లులుగ ఉన్నరు, వాళ్ళ పిల్లలు స్వప్నలు, సునీతలు. నేను దిగిపోయేనాటికి ఆ సునీతల పిల్లలకు ఫోన్ల వెతికి పెట్టిన పేర్లు, రాసుకుంటుంటె నాకే చెయ్యి తిరిగేది కాదు. నా పేరు విని ఏందీ అనేటోళ్ళు తగ్గిపోయిన్రు, ఇప్పుడందరి పేర్లూ అట్లనే ఉన్నయి మరి. పోయినేడు మా అల్లుడు సరదకు ఫోన్ల నా పేరు వెతికిండు. ముందు దొరకలేదు, వాళ్ళ అక్షరాలల్ల మన జ లెక్క రాసి య అని పలుకుతరట. చాన పాత పేరట, నడుమల మరుగున పడితే, పరాయి భాషల పేర్లు వద్దు, మన పాత పేర్లే మనకు ముద్దు అని వాళ్ళు అనుకున్న కాలంల మళ్ళ లేచి వచ్చిందట. ఇప్పుడక్కడ పసిపిల్లలకు ఎవ్వరూ పెడుత లేరట, ముసలోళ్ళకే ఉన్నదట. అంటే అక్కడ పెంటమ్మ లెక్కనే అన్నమాట అన్న నేను. అల్లుడు నవ్విండు.

అట్లాంటి పేరు మా బిడ్డకు ఇప్పుడు కావాల్నట. తొట్టెలకు ఇంక నాలుగు దినాలుందనంగ, పొద్దుగాల పిల్లకు నూనె రాసి స్నానం చేపిచ్చి, సాంబ్రాణి పొగ పెట్టి పండబెట్టినంక, అది మళ్ళ అదే ముచ్చట తీసింది. అత్తగారోళ్ళు మొఖాలు మాడుస్తున్నరు, నువ్వొక మాట గట్టిగ చెప్పవే అని. దాని కండ్ల కింద నల్లగ ఉన్నది. రాత్రంత పిల్ల ఊపిరి చూసుకుంట కూసుంటున్నదని నాకు తెలుసు. చెప్పకుండ ఆ పేరు పెట్టనిస్తే దానికి నిద్ర పడుతది, నాకు పట్టదు. పిల్లకు రేపు జర జ్వరమొస్తే నేను ఏం కావాల్నో నాకు తెలుసు, ఎనిమిదేండ్ల యార్మిలను మళ్ళ కావాల్సిందే. చెప్తే ఇప్పుడున్న ఆ కొద్ది ధైర్యం గుడ దానికి లేకుండ చేసినట్టయితది. మా బాపు అయితే మళ్ళ గొంతు సవరిచ్చుకునేటోడు. నాకు ఆ ఓపిక లేదు. దాచిపెట్టుడు కూడ బరువు మోసుడే, నా చేతులు పీక్కపోయినయి.

చెప్పిన. దవాఖాన కాడి నుంచి బాయి కాడి దాక, ఏదీ తగ్గియ్యకుండ చెప్పిన. మా బిడ్డ అరుస్తది, లేకుంటె ఏడుస్తది అనుకున్న. రెండూ చేయలేదు. పిల్ల కాళ్ళ మీద చెయ్యి పెట్టింది. తర్వాత అడిగింది.

“దొరసాని బిడ్డ ఎనిమిది నెలలున్నదా అమ్మా?”

“ఉన్నదట.”

“పేరుతోటి పిలుచుకున్నదన్నట్టు అన్ని దినాలు.”

మా బిడ్డ పిల్ల మీది బట్ట సదిరి మళ్ళ అన్నది. “నా దానికి గుడ తొమ్మిది దినాలు పాలిచ్చిన కదనే. తొట్టెల కాలేదు, పేరేందని అందరన్నరు. పోయినంక, పేరు లేని పిల్లను తలుసుకోవద్దన్నరు. నేను ఏమని తలుసుకోవాలమ్మా? రాత్రి లేసి పిలుద్దామంటె నోట్లకు ఏం రాదు.”

రెండేండ్లల్ల అది ఆ పిల్ల మాట ఎత్తుడు అదే మొదలు. నేను దగ్గరికి జరిగి తల పట్టుకుంటె, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఏడ్చినట్టు ఏడ్చింది. ఏడ్చి, మొఖం తుడుచుకొని, ఆ పేరు దీనికి కాదు, దానికి పెడుతనన్నది. పోయిన పిల్లకు పేరు పెట్టుడేంది, మన దాంట్ల ఎక్కడన్న ఉన్నదా అనబోయి ఆగిపోయిన. ఎక్కడా లేదు. లేకుంటె ఏమాయె.

తొట్టెల బాగనే జరిగింది. ఈ చిన్నదానికి వాళ్ళ మేనత్త చెప్పిన రెండక్షరాల పేరు పెట్టిన్రు, నాకింక నోటికి ఎక్కలేదు. చుట్టాలు రాకముందు, తలుపు దగ్గరికేసి, మా బిడ్డ నన్ను పక్కన కూసోబెట్టుకొని, కండ్లు మూసుకొని యార్మిలా అని పిలిచింది. ఆ పిలుపుకు నేను ఓ అనబోయి నోరు మూసుకున్న, పిలిచింది నన్ను కాదు కద.

ఆ తర్వాత వారానికి మా ఇంటికి ఊరి కొత్త అంగన్‌వాడీ టీచరు వచ్చింది, చేతిల ఫోనుతోటి, వయసుల పిల్ల, నన్ను మేడం అంటది. ఎంతమంది పిల్లలక్కా అని మా బిడ్డను అడిగింది. ఇద్దరు అన్నది మా బిడ్డ. ఆ పిల్ల ఇల్లంత ఒకసారి చూసి, నా దిక్కు చూసింది. పెద్దది లేదు, దాని పేరు యార్మిల అన్నది మా బిడ్డ, గొంతు ఏం తడబడకుండ. ఆ పిల్ల ఏం రాసుకున్నదో ఏమో, మళ్ళ అడుగలేదు.

నేనైతే ఆ ప్రశ్న ఎన్ని గడపలల్ల అడిగిననో నాకే యాది లేదు. మా కాలంల ఆడోళ్ళు దానికి బతికున్నోళ్ళనే లెక్కపెట్టి చెప్పేటోళ్ళు. మా అవ్వ గుడ ముగ్గురే అనేది, చెప్పేముందు ఒక్క గడియ ఆగేది, అంతే. అట్ల ఆగినోళ్ళను నేను చాన ఇండ్లల్ల చూసిన, లెక్క యాదికి తెచ్చుకుంటున్నరనుకొని, చెప్పింది రాసుకొని ముంగటి ఇంటికి పోయేదాన్ని. ఇప్పుడు మళ్ళ ఆ ఇండ్లన్నీ తిరిగి, ఆగినకాడ నేను కూడ ఆగి, ఇంకొకసారి అడుగుదామంటె, చానమంది లేరు, ఉన్న ఒకరిద్దరి గడప దాక పోవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు.